ఓనరు దగ్గర ఇంకో బీగంచెవి ఉంటే బాడుగవాళ్ళు బీగం మార్చుకోవచ్చా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మిద్దెపైన పోర్షన్‌లో ఏడు నెలలుగా బాడుగకు ఉన్నాం. పదకొండు నెలల అగ్రిమెంటు ఉంది, బాడుగ బాకీ లేదు. బీగంచెవి ఒకటి ఓనరు దగ్గరే ఉంది. మాకు ముందున్నవాళ్ళు చెవులన్నీ తిరిగిచ్చారో లేదో ఆయనకే తెలీదంట. మేము ఊరికి పోయినప్పుడు, మాకు చెప్పకుండా తలుపు తీసి ప్లంబర్‌ని లోపలికి పంపించారు. మావారికి నైట్ డ్యూటీలు, రాత్రిళ్ళు నేనూ పాపా మాత్రమే ఉంటాం. బీగం మారుస్తామంటే "నా ఇంటికి మీరు బీగం మార్చేదేంది? మారిస్తే అడ్వాన్సు ఇయ్యను, నా బీగం వేసేస్తా" అంటున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: మార్చుకోవచ్చమ్మా. కాకపోతే పద్ధతిగా మార్చుకోవాలి.

ముందు అగ్రిమెంటు తీసి ప్రతి షరతూ చదవండి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108 ఓనరు, బాడుగదారు హక్కులను చెబుతుంది. కానీ మీరిద్దరూ వేరే విధంగా రాసుకుని ఉంటే ఆ రాతే చెల్లుతుంది. "ఒక చెవి ఓనరు వద్ద ఉండును" అని ఉన్న కాగితం మీద మీరు సంతకం పెట్టి ఉంటే, ముందు ఆ షరతు మార్పించుకోవాలి. అలాంటిది లేకపోతే 108(సి) మీ పక్షాన ఉంది: బాడుగ కడుతూ షరతులు పాటించినంత కాలం ఇంటిని అంతరాయం లేకుండా అనుభవించే హక్కు మీది. ఇల్లు ఆయనదే, స్వాధీనం మాత్రం మీది. 108(ఎం) ప్రకారం ఆయన తగిన వేళలో వచ్చి ఇల్లు ఎట్లా ఉందో చూసుకోవచ్చు, మీరు కాదనకూడదు. అంతేగానీ మీరు లేనప్పుడు తన చెవితో తలుపు తీసి లోపలికి పోవచ్చని అందులో ఎక్కడా లేదు.

ప్లంబర్‌ని పంపినందుకు పోలీసు కేసు అవుతుందా అంటే, ఆ ఒక్కదానికే కష్టం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద అక్రమ ప్రవేశం నిలబడాలంటే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం కనబడాలి. కొళాయి బాగుచేయించడంలో అది చూపించలేం. మీరు రాతపూర్వకంగా వద్దన్న తర్వాత కూడా బెదిరిస్తూ లోపలికి వస్తే అప్పుడు లెక్క మారుతుంది. అందుకే రాత ముఖ్యం.

ఇక బీగం సంగతి. తలుపు బయట ఆల్డ్రాప్ (తాళం వేసే పెద్ద గడియ) ఉంటే దానికి మీ సొంత తాళం కప్ప వేసుకోండి, అందులో మార్చేదేమీ లేదు. కానీ అది మీరు బయటికి పోయినప్పుడే పనికొస్తుంది. లోపల ఉన్నప్పుడు పైనా కిందా టవర్ బోల్టులు వేసుకోవాలి. తలుపులో దిగిన హ్యాండిల్ లాక్ అయితే మొత్తం లాక్ పీకొద్దు, చెవి దూరే సిలిండర్ ఒక్కటి మారిస్తే పాత చెవులేవీ పనిచేయవు. తలుపు తెరిచి, అంచున ఉన్న పట్టీలో సిలిండర్‌కు ఎదురుగా ఉండే పొడుగు స్క్రూ తీయండి. చెవి పెట్టి కొద్దిగా తిప్పి లాగండి. తిప్పకుండా లాగితే సిలిండర్ మధ్యలోని నాలుక లోపల తగులుకుని రాదు. చాలామంది ఇక్కడే సుత్తి తీసుకుని తలుపు చెడగొడతారు, ఆ గీత తర్వాత అడ్వాన్సులో కోత అవుతుంది. పాత సిలిండర్‌ను షాపుకు తీసుకుపోండి. మొత్తం పొడవే కాదు, స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా ఎన్ని మిల్లీమీటర్లో చూడాలి: 60 అంటే 30-30 కావచ్చు, 25-35 కావచ్చు. బయటికి ఎక్కువ పొడుచుకొస్తే దొంగ దాన్ని పట్టుకారుతో విరిచేస్తాడు. కొత్తది బిగించాక తలుపు తెరిచే ఉంచి, అన్ని చెవులతో రెండు వైపులా తిప్పి చూసిన తర్వాతే మూయండి.

"మార్పులు చేయరాదు" అనే షరతు ఉన్నా, రంధ్రం కొట్టకుండా, తిరిగి బిగించడానికి వీలుగా సిలిండర్ మార్చడం కట్టడంలో మార్పు అని వాదించడం కష్టం. కొత్తగా డ్రిల్ చేసి ఇంకో లాక్ పెట్టాలంటే మాత్రం ఆయన అనుమతి కాగితం మీద ఉండాలి. ఖర్చు మీరే పెట్టుకోండి. ఆయన ఒప్పుకోకుండా బాడుగలో పట్టుకుంటే మీ మీద బాకీ చూపించే అవకాశం ఇచ్చినట్టే.

మార్చే ముందే వాట్సాప్‌లోనూ, అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టులోనూ ఇలా పంపండి: "మా భద్రత కోసం ఫలానా తేదీన ముందు తలుపు సిలిండర్ మా ఖర్చుతో మారుస్తున్నాం. పాతది భద్రంగా ఉంచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించి ఇస్తాం. మీరు ఇల్లు చూడాలన్నా, రిపేరు చేయించాలన్నా ఒక రోజు ముందు చెప్పండి, మేముండి తలుపు తీస్తాం." మెసేజ్ ఉన్న ఫోను మార్చేయకండి.

ఆయన నిజంగానే తన బీగం వేస్తే దాన్ని మీరు పగలగొట్టొద్దు. ఫోటోలు, వీడియో తీసి 112కు ఫోన్ చేయండి, స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు అడగండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963 సెక్షన్ 6 కింద ఆరు నెలల లోపు దావా వేస్తే ఇల్లు ఎవరిదన్న ప్రశ్న లేకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ఓనరు మీదైనా ఇది వేయవచ్చు. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. బెదిరింపు దశలోనే, ఆయన అట్లా చేయకుండా ఆపమని కోర్టులో ఇంజంక్షన్ దావా వేసుకోవచ్చు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.

అడ్వాన్సు బీగం మార్చినందుకు జప్తు చేసేది కాదు. నిజంగా జరిగిన నష్టం, బాకీలు ఉంటే అంతవరకే పట్టుకోవాలి. కాబట్టి ఈరోజే తలుపు, చౌకట్టు, లాక్ పట్టీ ఫోటోలు తీసి ఉంచండి. ఖాళీ చేసే రోజు పాత సిలిండర్ బిగించి, చెవులు ఎన్ని ఇచ్చారో రాసి ఆయన సంతకం తీసుకోండి.