పిల్లికి ఇన్సులిన్ ఇస్తున్నా షుగర్ తగ్గకపోతే డోసు పెంచవచ్చా?

మీ అంతట మీరు పెంచకూడదు. ముందు సిరంజి, ఇన్సులిన్ నిల్వ, తిండి సరిచూడాలి, ఎందుకంటే తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

మన మెడికల్ షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్లది రెండూ ఉంటాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. ఉదాహరణకు, 40 రకం మందును నారింజ మూత సిరంజిలో 2 గీత వరకు తీస్తే వెళ్లేది 0.8 యూనిట్లే, షుగర్ దిగదు. తారుమారైతే 2 బదులు 5 యూనిట్లు ఎక్కుతాయి. నాలుగు కిలోల పిల్లికి అది ప్రాణాపాయం. బెజవాడ ఎండలకు బయట ఉంచిన ఇన్సులిన్ కూడా బలం తగ్గిపోతుంది. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. పాలన్నం మాన్పించేటప్పుడు డాక్టరుకు చెప్పండి, డోసు తగ్గించాల్సి రావచ్చు.

క్లినిక్‌లో షుగర్ ఎక్కువ చూపిస్తే మందు చాలడం లేదనుకోవడం చాలామంది పొరపాటు. ఆటో కుదుపులకు, కుక్కల అరుపులకు టెన్షన్ పడినా పిల్లికి షుగర్ పెరుగుతుంది. ఇంట్లో చెవి అంచు నుంచి తీసిన చుక్కతో చూసిన రీడింగులే నమ్మదగ్గవి. పిల్లి తూలుతుంటే షుగర్ మరీ పడిపోయి ఉండవచ్చు; ఇంజెక్షన్ ఇవ్వకుండా, చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.