ఫ్రిస్కో కుర్రాళ్ళ మీద ఆశ పెట్టుకోవచ్చా?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఈ మధ్యే ఫ్రిస్కోకి మారాం. ఇంటి దగ్గరే రఫ్‌రైడర్స్ అనే బేస్‌బాల్ జట్టు మైదానం ఉంది. వీళ్ళంతా రేపు టెక్సస్ రేంజర్స్‌కి ఆడబోయే కుర్రాళ్ళని ఆఫీసులో అందరూ తెగ చెబుతున్నారు. నిజంగా ఎంతమంది పైకి వెళ్తారు? వీళ్ళ మీద ఆశ పెట్టుకోవడంలో అర్థం ఉందా?"

అర్థం అయితే లేదండీ. అయినా నేను పదేళ్ళ పైనుంచీ పెట్టుకుంటూనే ఉన్నాను.

ముందు లెక్క చూడండి. మేజర్ లీగ్‌లో, అంటే అన్నిటికంటే పై మెట్టులో ఆడే రేంజర్స్ అసలు జట్టులో ఉండేది 26 మంది. కింద మైనర్ లీగ్ మెట్లు నాలుగు ఉన్నాయి, కింది నుంచి పైకి: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. మన ఫ్రిస్కో డబుల్-ఏ, రౌండ్ రాక్ ట్రిపుల్-ఏ. ఇవి కాక అరిజోనాలో సర్‌ప్రైజ్ అనే ఊళ్ళో కొత్తగా చేరినవాళ్ళ శిక్షణ కేంద్రం ఒకటి, డొమినికన్ రిపబ్లిక్‌లో ఇంకొకటి. ఒక్కో క్లబ్బు అమెరికాలో 165 మంది దాకా మైనర్ లీగ్ ఆటగాళ్ళని ఉంచుకోవచ్చు. పైనున్న 26 కుర్చీల్లో సగానికి పైగా డబ్బు పోసి బయటినుంచి తెచ్చుకున్నవాళ్ళో, ఇప్పటికే నిలదొక్కుకున్నవాళ్ళో ఉంటారు. మిగిలిన కుర్చీల కోసమే ఈ కుర్రాళ్ళందరి పోటీ.

ఇంకొక విషయం. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం కాబట్టి మనం దీన్ని రంజీ జట్టులా అనుకుంటాం. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానే కాదు. హైదరాబాద్ రంజీ జట్టు గెలవడానికే ఆడుతుంది. ఇక్కడ రఫ్‌రైడర్స్ యజమానికి ఆటగాళ్ళ మీద ఏ హక్కూ లేదు. వాళ్ళకి జీతమిచ్చేది, ఎవరు ఆడాలో, ఎవరు పైకి పోవాలో తేల్చేది రేంజర్స్. మీ ఊరి జట్టు టేబుల్‌లో మొదటి స్థానంలో ఉన్నా సరే, మంగళవారం మొదలైన సిరీస్‌లో బాగా కొట్టినవాడు ఆదివారానికి రౌండ్ రాక్‌లో ఉంటాడు. మీరు బాధపడాలో సంతోషించాలో తెలియదు. నేను రెండూ పడతాను.

2022 వేసవిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. మూడు వారాలకే ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోయి "ఎక్కడికైనా తీసుకెళ్ళరా" అంటే మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. సాయంత్రం ఏడయినా కుర్చీలు పెనం మీద అట్టులా కాలుతున్నాయి. అవుట్‌ఫీల్డ్ కంచె వెనకాల జనం రబ్బరు ట్యూబుల్లో నీళ్ళ మీద తేలుతూ మ్యాచ్ చూస్తుంటే (నిజమే, ఈ మైదానంలో ఒక చిన్న కాలువ ఉంటుంది, వెళ్ళినప్పుడు చూడండి) నాన్న ఆట వదిలేసి చాలాసేపు వాళ్ళనే చూశారు.

మా ముందు వరుసలో, సరిగ్గా హోమ్ ప్లేట్ (బ్యాటరు నిలబడే చోటు) వెనక, పోలో చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు కూర్చున్నాడు. ఒడిలో అట్ట మీద కాగితం, చేతిలో పెన్సిల్. ప్రతి బంతికీ ఏదో గీత గీస్తున్నాడు. కొత్త ఆటగాళ్ళని వెతికే స్కౌట్ అనుకున్నాను. ఇన్నింగ్స్ మధ్యలో అడిగితే, తను కూడా పిచరేనట (మన బౌలర్ లాంటివాడు), ఆ రోజు తన వంతు కాదట. వంతు లేని పిచర్లు ఇలా కూర్చుని ఏ బంతి వేశాడు, ఎంత వేగం, ఎక్కడ పడింది రాస్తారని చెప్పాడు. అతని కుడి మోచేతి లోపలివైపు బెత్తెడు పొడవున కుట్ల మచ్చ. నాన్న దాన్నే చూస్తూ, "ఈ అబ్బాయికి జీతం ఎంతుంటుందిరా?" అన్నారు. అప్పట్లో డబుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. చెప్పాను. నాన్న ఆ కుర్రాడి వంక, మా చేతుల్లో ఉన్న పాప్‌కార్న్ బకెట్ వంక చూసి, "నువ్వు కట్టే అద్దెలో సగం కూడా కాదు గదరా" అన్నారు. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ళకి మొదటిసారి సంఘం ఒప్పందం కుదిరాక అది 30,250 అయింది. ఇప్పటికీ గొప్పేం కాదు గానీ, అప్పటితో పోలిస్తే నయం.

ఆ ఏడాది ఊరంతా మోజుపడ్డ పేరు జాక్ లైటర్. 2021 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) దేశం మొత్తం మీద రెండోవాడు. తండ్రి ఆల్ లైటర్ పెద్ద పేరున్న పిచర్. సంతకానికే 79 లక్షల డాలర్లు. కింది మెట్లన్నీ దాటించేసి నేరుగా ఫ్రిస్కోలో దించారు. ఏడాది తిరిగేలోపు పైన ఉంటాడని అందరం లెక్కలు వేసుకున్నాం. తీరా చూస్తే బంతిలో వేగం ఉంది, అదుపు లేదు. వాక్ మీద వాక్ ఇచ్చేవాడు (నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటరు ఊరికే ఫస్ట్ బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి నడిచిపోతాడు, అదే వాక్). ఐదో ఇన్నింగ్స్ రాకముందే బంతుల లెక్క పెరిగిపోయేది. ఆ సీజన్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మంచిది) 5.54. 2023లో కూడా ఫ్రిస్కోలోనే, ఐదు పైనే. మధ్యలో కొన్ని వారాలు మ్యాచ్‌లు ఆపించి, చెయ్యి తిరిగే తీరు సరిచేయడానికి పక్కన పెట్టారు. 2024 ఏప్రిల్‌లో పైకి తీసుకెళ్తే ఆ ఏడాది మేజర్ లీగ్‌లో 8.83. నా పక్క సీటు ఆయన, పదేళ్ళుగా సీజన్ టికెట్ ఉన్న పెద్దాయన, "వీడి పని అయిపోయింది" అన్నాడు. నేనూ తలాడించాను. 2025లో అదే లైటర్ ఏడాది పొడవునా రేంజర్స్ రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లలో) నిలబడ్డాడు, ఈఆర్‌ఏ నాలుగు లోపే. డ్రాఫ్ట్ నుంచి నాలుగేళ్ళు. మేము ఇచ్చిన గడువు ఏడాది.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. నేను ఈ ఊరు రాకముందే 2012లో ఫ్రిస్కోలో జూరిక్సన్ ప్రొఫార్ అనే షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఆడాడు. 2013 మొదట్లో మొత్తం బేస్‌బాల్‌లోనే నంబర్ వన్ ప్రాస్పెక్ట్, అంటే అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న కుర్రాడు. మేజర్ లీగ్‌లో మొట్టమొదటిసారి బ్యాట్ పట్టుకున్నప్పుడే హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. ఆ తర్వాత భుజం దెబ్బతింది, 2014, 2015 రెండేళ్ళూ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ లేదు. 2018 చివర్లో వేరే జట్టుకి ఇచ్చేశారు. ఆల్‌స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ళలో ఒకడు) అయ్యాడు, అయ్యాడు గానీ 2024లో, శాన్ డియేగో చొక్కా వేసుకుని. మా ఆఫీసులో ఒకాయన ప్రొఫార్ పేరెత్తితే ఇప్పటికీ కాఫీ కప్పు పక్కన పెట్టేస్తాడు.

మీరు అడగలేదు గానీ చెప్పాలి, కుర్రాళ్ళు అంటే క్లబ్బుకి చేతిలో ఉన్న రొక్కం కూడా. 2023 జూలై చివర్లో రేంజర్స్ కప్పు వేటలో ఉన్నారు, పిచర్లు కావాలి. మాక్స్ షెర్జర్ కోసం న్యూయార్క్ మెట్స్‌కి లూయిసాంజెల్ అకూన్యాని ఇచ్చేశారు. అట్లాంటా స్టార్ రొనాల్డ్ అకూన్యా తమ్ముడే. జోర్డాన్ మాంట్‌గోమరీతో పాటు ఇంకో పిచర్ కోసం సెయింట్ లూయిస్‌కి ఇచ్చినవాళ్ళలో థామస్ సగీసీ, టెకోవా రోబీ ఉన్నారు. ముగ్గురూ ఆ సీజన్‌లో మా ఫ్రిస్కో వాళ్ళే. మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి, అకూన్యా సంతకం చేసిన బంతిని టీవీ పక్కన పెట్టుకున్నాడు. వార్త తెలిశాక ఆ బంతిని తీసుకెళ్ళి సాక్సుల అరలో పడేసి, రెండు రోజుల తర్వాత మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాడు. నవంబర్ 1న రేంజర్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. 1972లో జట్టు టెక్సస్‌కి వచ్చాక మొదటి కప్పు. మాంట్‌గోమరీ లేకపోతే అక్కడిదాకా వెళ్ళేవాళ్ళమే కాదు. ఆ బేరం తప్పని ఎలా అనను? మా అబ్బాయి మాత్రం అంటాడు.

ఆ కప్పు మా కుర్రాళ్ళ వల్లే వచ్చిందని నేను చెప్పుకోను. కోరీ సీగర్‌కి 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కి 17.5 కోట్లు పోశాక వచ్చింది. కానీ ఎడమవైపు అవుట్‌ఫీల్డ్‌లో నిలబడ్డ ఆ సన్నటి పిల్లాడున్నాడు చూశారూ, ఎవన్ కార్టర్, వాడు మావాడు.

కార్టర్ విషయంలో నా తెలివి గురించి చెప్తాను, నవ్వకండి. 2020లో కోవిడ్ వల్ల డ్రాఫ్ట్‌ని ఐదు రౌండ్లకి కుదించారు. రెండో రౌండ్‌లో రేంజర్స్ ఇతని పేరు చదివితే జాబితాలు తయారుచేసేవాళ్ళే తెల్లబోయారు. టెనెసీలో ఎలిజబెత్‌టన్ అనే చిన్న ఊరి హైస్కూల్ పిల్లాడు. 2023లో ఆగస్టు దాకా ఇక్కడే ఫ్రిస్కోలో ఆడాడు. నేను ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ ఒకటే విసుగు: వీడు బ్యాట్ ఊపడేంటి? బంతి వస్తుంది, చూస్తాడు, వదిలేస్తాడు. ఇంకోటి వస్తుంది, వదిలేస్తాడు. మూడు బాల్స్ (చెడ్డ బంతులు), రెండు స్ట్రైక్స్ (కొట్టాల్సిన బంతి వదిలేసినా, ఊపి తప్పినా ఒకటి; మూడైతే అవుట్) దాకా, అంటే ఫుల్ కౌంట్ దాకా లాగి, తర్వాత వాక్ తీసుకుని నింపాదిగా ఫస్ట్ బేస్‌కి నడిచిపోతాడు. మన గల్లీ క్రికెట్‌లో అయితే బ్యాట్ లాక్కునేవాళ్ళం. అందుకే అతన్ని ఫుల్ కౌంట్ కార్టర్ అంటారని నాకు తర్వాత తెలిసింది. సెప్టెంబర్ 8న పైకి పిలిచారు, అప్పటికి 21 ఏళ్ళు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీలు) ఆడిన 17 మ్యాచ్‌ల్లోనూ బేస్ మీదికి చేరాడు. తొమ్మిది డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే షాట్లు) కొట్టాడు, ఒకే ఏడాది ప్లేఆఫ్స్‌లో అన్ని ఎవరూ కొట్టలేదు. నాకు విసుగు తెప్పించిన ఆ వదిలెయ్యడమే అక్కడ పనికొచ్చింది. చెత్త బంతి వేస్తే ఊపడు కాబట్టి, చివరికి పిచరే దారికి రావాలి.

దాని తర్వాత రెండేళ్ళూ నడుము నొప్పి, మణికట్టు విరగడం, ఇదే వరస. ఒక్క నెలలో హీరో అయ్యాడు, రెండేళ్ళు గాయాల జాబితాలో ఉన్నాడు. నేనిప్పటికీ పొద్దున లేవగానే ఫోన్‌లో ముందు చూసేది అతని గాయం వార్తే. మా ఆవిడ "మీ చెల్లెలి కాలు బెణికితే ఇన్నిసార్లు అడిగారా?" అంది. అడగలేదు.

మన తెలుగువాళ్ళు ఎక్కువ అడిగేది కుమార్ రాకర్ గురించి. పేరు చూసి ఆగిపోతారు కదా. తల్లి వైపు వాళ్ళది భారతదేశం. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదిలోనే డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్స్‌తో అవుట్ చేయడం) తీశాడు. లైటర్, ఇతనూ అక్కడ జట్టుమిత్రులు. 2021లో మెట్స్ డ్రాఫ్ట్ చేశారు, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం కుదరలేదు. మరుసటి ఏడు రేంజర్స్ మూడో నంబర్‌గా తీసుకున్నారు. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 వేసవిలో కోలుకుంటూ ఫ్రిస్కోలో వేశాడు. మైకులో "కుమార్" అని వినపడగానే మా స్టాండ్‌లో నలుగురైదుగురు తెలుగు తాతయ్యలు ఒక్కసారి తలెత్తారు. పెద్దగా ఏం అర్థం కాకపోయినా అతను వేసినంతసేపూ లేవలేదు. సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. 2025లో నిలకడ దొరక్క మళ్ళీ రౌండ్ రాక్‌కి పంపారు. లైటర్‌ని చూశాక ఇతని విషయంలో నేను నోరు జారను.

ఇక 2025లో మేమందరం వెర్రెత్తిపోయింది సెబాస్టియన్ వాల్కాట్ అనే బహమాస్ పిల్లాడి మీద. షార్ట్‌స్టాప్. సీజన్ మొత్తం ఫ్రిస్కోలో ఆడాడు, పందొమ్మిదేళ్ళకి. అవతల పిచర్లకి ఇరవై మూడు, ఇరవై నాలుగు. అతని బ్యాట్‌కి బంతి తగిలితే వచ్చే చప్పుడు వేరు. కొట్టిన బంతి కంటే ముందు ఆ చప్పుడు విని జనం ఫోన్‌లోంచి తలెత్తుతారు. అలా అని ప్రతి రాత్రీ కొట్టడు. వంకర బంతికి మోసపోయి మోకాలు మీద పడ్డ రాత్రులూ ఉన్నాయి. నేను ఇప్పుడు అవి ఎక్కువ చూస్తున్నాను. మొదటిసారి తనని స్ట్రైకౌట్ చేసినలాంటి బంతే మళ్ళీ వస్తే, మూడోసారికైనా వదిలేశాడా లేదా అని. కార్టర్ నేర్పిన పాఠం.

మీకు సలహా కావాలంటే, శనివారం టపాకాయల రాత్రి వెళ్ళకండి. పార్కింగ్‌కే ప్రాణం పోతుంది. వారం మధ్యలో, హోమ్ ప్లేట్ వెనక టికెట్ తీసుకోండి. అట్ట మీద రాసుకునే కుర్రాళ్ళు కనిపిస్తారు. పలకరిస్తే బాగానే మాట్లాడతారు.

మా ముందు కూర్చున్న ఆ మచ్చ కుర్రాడిని మరుసటి మార్చిలో, సీజన్‌కి ముందు జరిగే శిక్షణ క్యాంప్ నుంచే తీసేశారు. జట్టు సైట్‌లో ఒక్క లైను వచ్చింది. నాన్న వాట్సాప్ కాల్ చేసినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతారు, "లైటరో గీటరో నాకక్కర్లేదురా, ఆ లెక్కలు రాసుకునే అబ్బాయి ఏమయ్యాడు?" అని. ఏదో స్కూల్లో కోచింగ్ ఇస్తున్నాడేమో అన్నాను ఒకసారి. "మరి ఆ మోచెయ్యి?" అన్నారు.