వాచీ కింద పిట్ట

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి లెక్కలు చెబుతాను. డిగ్రీ అయిన ఏడాది ఫ్రెండ్స్‌తో వైజాగ్ వెళ్లినప్పుడు ఎడమ మణికట్టు మీద చిన్న పిట్ట టాటూ వేయించుకున్నాను. మూడేళ్లుగా స్కూల్లో ఎవరూ ఏమీ అనలేదు. పోయిన నెల మా క్లాసు పాప ఒకతి పెన్నుతో అలాంటి పిట్టనే తన చేతి మీద గీసుకుని ఇంటికెళ్లింది. వాళ్లమ్మ వచ్చి గొడవపడింది. ‘కనపడకుండా చూసుకోండి, లేదంటే తీయించేసుకోండి’ అన్నారు ప్రిన్సిపాల్. మా పీఈటీ సార్ చేతి మీద సింహం ఉంది, ఆయన్నెవరూ అనరు! ఇంట్లో చెబితే మావారు ‘తీయించెయ్, ఎందుకొచ్చిన టెన్షన్’ అని శనివారానికి లేజర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ‘పెళ్లిచూపుల్లోనే అనుకున్నా’ అన్నారు అత్తయ్య. డీఎస్సీకి చదువుతున్నాను. దీనివల్ల గవర్నమెంట్ ఉద్యోగం కూడా రాదా?

జవాబు: ముందు ఆ డీఎస్సీ భయం తీసేద్దాం. టాటూ ఎక్కడుంది, ఎంతుంది అని చూసేది సైన్యంలో, కేంద్ర పోలీసు బలగాల్లో. సైన్యంలో కూడా గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. డీఎస్సీలో చూసేది పరీక్ష మార్కులు, టెట్ వెయిటేజీ, సర్టిఫికెట్లు. ఇంటర్వ్యూ కూడా లేదు కదా. మీ పిట్ట జోలికి వచ్చేవాళ్లెవరూ లేరు, చదువుకోండి.

ఇక స్కూలు. ప్రిన్సిపాల్ మీకు రెండు దారులు చూపించారు. మీ ఇంట్లో రెండోదాన్నే పట్టుకున్నారు. చీర కట్టుకురండి, ఐడీ కార్డు వేసుకోండి అన్నట్టే పనిచేసే చోట కప్పుకోమనడం ఒక పద్ధతి, నచ్చినా నచ్చకపోయినా. ఒంటి మీదున్నది చెరిపేసుకోమనే హక్కు మాత్రం ఏ స్కూలుకీ లేదని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో ముఖంతో సహా ఒళ్లంతా టాటూలున్న ఒక టీచర్ మీద ఇలాగే తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆరేళ్ల లోపు పిల్లల క్లాసులకు పంపడం ఆపారు, పెద్ద పిల్లలకు పాఠం చెప్పనిచ్చారు. మీది రూపాయి బిళ్లంత పిట్ట.

వెడల్పు బెల్టున్న వాచీ పెట్టుకుంటే సరిపోతుంది. బ్యాండేజీ మాత్రం అంటించుకోకండి, ‘మిస్, దెబ్బ తగిలిందా?’ అని నలభై మంది రోజూ అడుగుతారు.

పీఈటీ సార్ విషయంలో మీ కడుపుమంట న్యాయమైనదే. మగాడి చేతి మీద ఉంటే సింహం, ఆడదాని చేతి మీద ఉంటే ‘క్యారెక్టర్’. అయినా ఆయన పేరెత్తకండి. ఎత్తితే ఆయనకీ ఫుల్ హ్యాండ్స్ షర్టు తప్పదు, స్టాఫ్ రూములో మీకొక శత్రువు మిగులుతాడు. ‘ఈ నిబంధన అందరికీ ఉందా మేడమ్, సర్క్యులర్ ఇస్తారా?’ అని మామూలుగా అడగండి చాలు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది స్కూలు కాదు, ఇల్లు. మీరు బాధ చెప్పుకుంటే మీవారు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. ఆయనకి చెడ్డ ఉద్దేశం ఉందనుకోను, సమస్య కనపడగానే రిపేరుకి ఇచ్చేసే మనిషయి ఉంటారు. ‘తీయించుకోవాలా వద్దా అని నేనడగలేదు, నన్నలా అన్నారని చెప్పాను’ అని ఆయనతో ఒక్కసారి అని చూడండి. లేజర్ గురించి కూడా తెలుసుకోమనండి. అది ఒక శనివారంతో అయిపోయేది కాదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో చాలా సిట్టింగులు పడతాయి. నల్ల ఇంకు కాస్త త్వరగా పోతుంది, ఆకుపచ్చ లాంటి రంగులు మొండివి. మన చామనఛాయ చర్మం మీద తెల్ల మచ్చో నల్ల మచ్చో మిగలొచ్చు. ఎప్పుడైనా చేయించుకుంటే చర్మ డాక్టర్ దగ్గరే, పార్లర్లో వద్దు.

అత్తయ్యగారి మాటకొస్తే, మా నాయనమ్మకి రెండు చేతులకీ పచ్చబొట్లుండేవి. ఎడమ చేతి మీద తులసికోట, కుడి చేతి మీద చుక్కల వరస. వయసు మీద పడేకొద్దీ అవి ముడతల్లో కలిసిపోయి, ఆకుపసరు అలికినట్టు కనపడేవి. ఊళ్లోకొచ్చిన ఎరుకలామె పొడిచిందట, ఏడుస్తుంటే బెల్లం ముక్క నోట్లో పెట్టారట. ‘పోయాక నా వెంటొచ్చేది ఇదొక్కటేనే’ అనేది. మీ అత్తయ్యగారి చేతికి లేకపోయినా వాళ్లమ్మ చేతికి ఉండే ఉంటుంది. ఏ సాయంత్రమో కూరలు తరుగుతున్నప్పుడు అడగండి. దెప్పడానికి కాదు సుమా, ఆ గొంతుతో అడిగితే పని చెడుతుంది. నిజంగా తెలుసుకోవాలని అడగండి.

అన్నట్టు, ఆ పాపతో ఏం మాట్లాడారో రాయలేదు. తనవల్లే మిస్‌కి తిట్లు పడ్డాయని ఆ పిల్ల లోపల కుమిలిపోతూ ఉండొచ్చు. పిలిచి, పిట్ట బాగా గీశావు, చేతి మీద కాదు నోట్సు వెనకపేజీలో గీయి అనండి. వాళ్లమ్మ ఎదురుపడితే కూడా ఇదే మాట చెప్పానని చెప్పండి, ఆవిడకి కావలసింది బహుశా అంతే.

శనివారం అపాయింట్‌మెంట్‌ని మాత్రం మీరే ఫోన్ చేసి రద్దు చేయించండి. డీఎస్సీ అయ్యాక కూడా తీయించుకోవాలని మీకే అనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.