మాచెక్ గురించి, నీ మొదటి పేరా గురించి

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలెండ్ ట్యాంకుల డివిజన్‌ని నడిపిన జనరల్ స్టానిస్లావ్ మాచెక్‌ని ఎంచుకున్నందుకు ముందు శభాష్. మనవాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లే తక్కువ. కానీ మొదటి పేరాకే నాకు ఆవలింత వచ్చింది, ఏమీ అనుకోకు. "పోలెండ్ వీరపుత్రుడు, అసమాన ధైర్యశాలి..." అంటూ నాలుగు లైన్లు నింపావు. అందులో మాచెక్‌ని తీసేసి ఇంకే జనరల్ పేరు పెట్టినా అతుక్కుంటుంది.

ఈ పని నేనూ చేశాను. పాతికేళ్ల వయసులో మా ఊరి రిటైర్డ్ సుబేదారు గారి మీద ఇలాగే రాసి, ఆయనకే చదివి వినిపించాను. అంతా విని, "బాగుంది బాబూ, ఎవరాయన?" అన్నారు.

మాచెక్‌కి మాత్రమే సరిపోయే సంగతులు నీ కాగితాల్లోనే ఉన్నాయి, అడుగున పడేశావు. 1944 ఆగస్టు, ఫ్రాన్స్‌లోని నార్మండీ. ఫలేజ్ దగ్గర జర్మన్లు తప్పించుకుపోయే దారికి ఎగువన ఒక గుట్ట. మ్యాపులో దాని గీతలు గదలా కనిపించాయని మాచెక్ దానికి 'మచుగా' అని పేరు పెట్టాడు. పోలిష్‌లో గద అనే అర్థం. ఆయన డివిజన్‌లోంచి సుమారు 80 ట్యాంకులు, 1,500 మంది ఆ గుట్టెక్కి కూర్చున్నారు. చుట్టూ శత్రువులే. మందుగుండు అడుగంటింది. అయినా కెనడావాళ్లు వచ్చి కలిసేదాకా గుట్ట దిగలేదు. దీన్ని నువ్వు "భీకర పోరాటం జరిగింది" అని తేల్చేశావు! ఆ మ్యాపు మీదికి వంగి చూస్తున్న మనిషిని చూపించు నాకు.

బ్రెడా పేరా బాగుంది, దాని జోలికి పోకు. అదే ఏడాది అక్టోబరు 29న ఆ డచ్చి ఊరిని ఫిరంగులతో పిండి చేయకుండా, పక్కనుంచి చుట్టుకొచ్చి విడిపించాడని సూటిగా రాశావు.

అసలు తగాదా యుద్ధం తర్వాతి భాగంతోనే. ఫలేజ్ నాటికి ఆయనకి 52 ఏళ్లు. పోయింది 1994లో, 102 ఏళ్లకి. అంటే ఆ గుట్ట తర్వాత ఇంకో యాభై ఏళ్లు బతికాడు. వాటికి నువ్విచ్చింది ఆరు లైన్లు. 1946లో పోలెండ్ కమ్యూనిస్టు ప్రభుత్వం పౌరసత్వం లాగేసింది. తమ పక్షాన పోరాడినా, బ్రిటన్ ఏమో మా సైనికుడు కాదంటూ పెన్షన్ ఇవ్వలేదు. ఇల్లు గడవాలిగా, బ్రిటన్‌లోనే ఎడిన్‌బరోలో ఒక హోటల్ బార్లో పనికి కుదిరాడు. హోటల్ యజమాని ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన సార్జెంటే.

ఇక్కడ "అయ్యో విధీ!" అన్నావు చూడు, అది కొట్టెయ్. ఆయన్ని గ్లాసు తుడవనీ. ఏడవాలో వద్దో చదివేవాడు చూసుకుంటాడు. సార్జెంటుకీ ఆయనకీ మధ్య డైలాగులు కూడా తీసెయ్. అవి నువ్వు ఊహించినవని నాకు తెలుస్తూనే ఉంది, వాళ్లిద్దరూ మన సినిమా భాష మాట్లాడుతున్నారు.

ఎక్కడ ఆపాలని అడిగావు. ఆయన సమాధి పోలెండ్‌లో లేదు, ఎడిన్‌బరోలోనూ లేదు. బ్రెడాలో, తన సైనికుల పక్కనే ఉంది. అక్కడ ఆపు, ఆ తర్వాత ఒక్క మాట కూడా వద్దు.

రెండో ప్రతి దసరాలోపు పంపు. ఈసారి మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, నా అక్షరాలు పెద్దవి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య