ఇంట్లో తప్పు కనిపిస్తే చెప్పాలా, ఊరుకోవాలా?

ప్రశ్న: నేను టీచర్‌ని. మూడేళ్ల బాబు ఉన్నాడు. హనుమకొండలో అత్తమామలతో కలిసి ఉంటున్నాం. అత్తమ్మ బాబుకు జ్వరం సిరప్‌ను వంటింటి చెంచాతో పోస్తారు, తన థైరాయిడ్ మాత్రను కాఫీతో వేసుకుంటారు. మామయ్య ఉద్యోగం రోజుల కబుర్లు చెప్తూ సంవత్సరాలు తారుమారు చేస్తారు. మావారు తడి టవల్ మంచం మీదే పడేస్తారు. ఏదైనా అంటే 'ఇంట్లో కూడా టీచరేనా' అంటున్నారు. అనకుండా ఉంటే నాకు టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: ఈ నాలుగింటినీ మీరు ఒకే గొంతుతో చెప్తున్నారేమో చూసుకోండి. అలాగైతే వినేవాళ్లకు సిరప్పూ టవలూ ఒకటే అయిపోతాయి, అసలు చెప్పాల్సిన మాట కూడా నసలో కలిసిపోతుంది.

సిరప్ సంగతి ఈరోజే చెప్పండి. పిల్లల పారాసెటమాల్ సిరప్ కొన్ని సీసాల్లో 5 ఎం.ఎల్.కు 120 లేదా 125 మిల్లీగ్రాములు, కొన్నింటిలో 250 ఉంటుంది. సీసాలు ఒకేలా కనిపించినా మందు రెట్టింపు. పైగా ఇంట్లో చెంచాలన్నీ ఒకే కొలతలో ఉండవు. డోసు బాబు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ఇక్కడ మొహమాటం వద్దు. అలాగని "ఇన్నాళ్లూ తప్పుగా పోశారు" అనక్కర్లేదు. సీసాతో వచ్చిన కొలత మూత తీసి, డాక్టర్ రాసిన డోసు దగ్గర పెన్నుతో గీత పెట్టి, "అత్తమ్మా, ఈ గీత దాకా పోస్తే చాలు" అని చేతికివ్వండి. కొత్త సీసా కొన్నప్పుడు లేబుల్ మీరే చూసుకోండి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగాకే కాఫీ తాగాలి. లేదంటే మందు ఒంటికి సరిగా పట్టదు. ఎవరూ లేనప్పుడు ఒకసారి చెప్పండి. వినకపోతే ఈసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించేటప్పుడు తోడు వెళ్లి, ఆవిడ ముందే డాక్టర్‌ని అడగండి. నిర్ణయం మాత్రం ఆవిడదే.

మామయ్య కబుర్లను దిద్దకండి. ఆయన 1986 అన్నా 1988 అన్నా ఎవరికీ నష్టం లేదు. పెన్షన్ కాగితంలో తప్పు రాస్తే అప్పుడు చెప్పండి, అదీ నలుగురిలో కాదు. ఒక్కటి గమనించండి: ఈమధ్యే మొదలై, అన్నం తిన్నదీ, తెలిసిన దారీ కూడా మర్చిపోతుంటే అది తప్పు కాదు, డాక్టర్‌కి చూపించాల్సిన విషయం.

టవల్ విషయంలో మీ బాధ న్యాయమే. దాన్ని ఆయన గుణంగా కాకుండా మీకు పెరుగుతున్న పనిగా చెప్పండి.

'టీచరేనా' అన్న మాట మిమ్మల్ని బాధపెట్టిందని తెలుస్తోంది. అమెరికాలో భార్యాభర్తల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్, నిలబడే జంటల్లో గొడవ మధ్యలో కూడా ఒక చేదు మాటకు ఐదు మంచి మాటలు ఉంటాయని గమనించాడు. మీరు స్కూల్లో ఉన్నంతసేపూ బాబును చూసుకునేది అత్తమామలేనా? అయితే ఆ సంగతి వాళ్లతో ఎప్పుడైనా నోరారా అన్నారా? ఈ వారం అది మొదలుపెట్టండి.