నెలకు 24 వేల అద్దె హామీ: ఊరి బయట మాల్‌లో షాపు కొనవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఒడిశాలోని బరంపురం. మావారు రైల్వే ఉద్యోగి. వచ్చే ఏడాది 60 నిండి పదవీ విరమణ చేస్తారు. పింఛను కాక 30 లక్షల దాకా చేతికి వస్తాయి. ఊరి బయట హైవే వైపు కడుతున్న మాల్‌లో 240 చదరపు అడుగుల షాపు 36 లక్షలకు ఇస్తామంటున్నారు. స్వాధీనం చేశాక మూడేళ్లపాటు నెలకు 24 వేల అద్దె బిల్డరే ఇస్తాడట. తక్కువపడే 6 లక్షలకు నా బంగారం మీద అప్పు తీసుకుందామనుకుంటున్నాం. ఏజెంటు మా తోటికోడలి తమ్ముడే. లక్ష అడ్వాన్సు కూడా ఇచ్చాం. మాంద్యం వస్తే మాల్స్ మూతపడతాయని మా అబ్బాయి భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. మాంద్యంలో మాల్స్ అన్నీ మూతపడవు. ఒకే యజమాని చేతిలో ఉండి, అప్పు తక్కువున్న మాల్ రెండేళ్లు నలిగినా తేరుకుంటుంది. తేరుకోలేనిది అందులో గది కొనుక్కున్న చిన్న మదుపరి. మీరు ఆ రెండో వరుసలో నిలబడబోతున్నారు.

మాంద్యం సంగతికి ముందు మీ లెక్క చూద్దాం, ఎందుకంటే అది ఇప్పటికే తప్పింది. కట్టడం పూర్తికాని వాణిజ్య భవనంలో షాపు కొంటే 12 శాతం జీఎస్టీ పడుతుంది. 36 లక్షల మీద అది 4,32,000. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపితే మొత్తం 42 లక్షలు దాటుతుంది. అంటే మీకు తక్కువపడేది 6 లక్షలు కాదు, 12 లక్షలు. బంగారం మీద అప్పుకు 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 10 వేలు అక్కడికే పోతాయి. 24 వేలలో మీకు మిగిలేది 14 వేలు. ఇదంతా షాపు చేతికొచ్చాక. కట్టుబడి సాగినంత కాలం అద్దె ఉండదు, వడ్డీ మాత్రం ఉంటుంది.

ఇక ఆ 240 అడుగులు. అందులో నడవాలు, ఎస్కలేటర్లు, మరుగుదొడ్లలో మీ వాటా కూడా కలిపి ఉంటుంది. మాల్స్‌లో ఇలాంటి కొలత మీద లోపల గోడకూ గోడకూ మధ్య నిజంగా దక్కేది చాలాచోట్ల సగమే. స్థిరాస్తి కొనుగోలుదారుల రక్షణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం బిల్డరు కార్పెట్ ఏరియా, అంటే ఈ లోపలి కొలత లెక్కనే అమ్మాలి, ఆ అంకె అగ్రిమెంటులో ఉండాలి. మీ కాగితాల్లో అది ఎంతని రాసి ఉందో చూడండి. 120 అడుగులైతే మీరు చదరపు అడుగుకు 15 వేలు కాదు, 30 వేలు పెడుతున్నట్టు.

హామీ అద్దె ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు. నెలకు 24 వేల చొప్పున మూడేళ్లకు 8,64,000. మీ దగ్గర ముందుగానే 36 లక్షలు తీసుకున్న బిల్డరుకు అందులోంచి ఆ మొత్తం పక్కన పెట్టడం కష్టమేమీ కాదు. మీ డబ్బే మీకు నెలనెలా తిరిగొస్తుంటే దాన్ని అద్దె అనుకుని సంతోషిస్తాం. అసలు అద్దె ఎంతో తెలిసేది నాలుగో ఏట, షాపు అద్దెకు తీసుకున్నవాడు మీతో నేరుగా బేరమాడిన రోజున.

ఆ అద్దెదారు వైపు నుంచి చూడండి. అద్దె 24 వేలు, మెయింటెనెన్స్ అడుగుకు 15 రూపాయలనుకుంటే మరో 3,600. మొత్తం 27,600. బట్టల వ్యాపారి అమ్మకాల్లో పదమూడు, పద్నాలుగు శాతం అద్దెకు పోయినా కిందామీదా పడి నెట్టుకొస్తాడు. అంతకు మించితే లాభం ఉండదు. ఆ లెక్కన ఆ చిన్న గదిలో నెలకు 2 లక్షలకు పైగా అమ్మాలి, అంటే రోజుకు 7 వేలు, వర్షం పడినా బంద్ అయినా సరే. బేరాలు మూడో వంతు తగ్గితే అదే అద్దె అమ్మకాల్లో 20 శాతానికి చేరుతుంది. అప్పుడతను మీ దగ్గరికొచ్చి, ‘స్థిరమైన అద్దె ఇవ్వలేనండీ, అమ్మకంలో వాటా ఇస్తాను’ అంటాడు. లేదంటే తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతాడు. గది ఖాళీ అయినా మెయింటెనెన్స్ ఆగదు. ఆ 3,600 ఇక మీదే.

బరంపురానికి మాంద్యం ఏ దారిన వస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. రైల్వే, మెడికల్ కాలేజీ, ప్రభుత్వ కార్యాలయాల జీతాలూ పింఛన్లూ ఆగవు కాబట్టి ఊరు పూర్తిగా చతికిలపడదు. కానీ బజారులో తిరిగే డబ్బులో పెద్ద భాగం చుట్టూ ఉన్న గంజాం జిల్లా పల్లెల నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవారు ఇంటికి పంపేది. 2020లో లాక్‌డౌన్ పడి రైళ్లకు రైళ్లు జనం తిరిగొచ్చారు, చూసే ఉంటారు. ప్రతిసారీ అంత ఘోరంగా జరగాలని లేదు. సూరత్‌లో ఆర్డర్లు తగ్గి మగ్గం ఒక షిఫ్టే ఆడినా అస్కా, హింజిలికాటు వైపు ఇళ్లలో ఖర్చు బిగుస్తుంది.

అప్పుడు మొదట ఆగేది ఏది? పెళ్లి పట్టుచీర ఆగదు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి బస్సెక్కి వచ్చి మరీ కొంటారు, అదీ బడాబజార్‌లో తెలిసిన కొట్లోనే. పప్పూ బియ్యం ఆగవు. ఆదివారం సాయంత్రం బండి మీద హైవే దాకా వెళ్లి, తిరుగుతూ తిరుగుతూ కొన్న టీషర్టు, పిల్లల ఆటలు, ఫుడ్ కోర్టులో నలుగురి తిండి ఆగుతాయి. ఊరి బయట మాల్ బతికేదే ఈ రకం ఖర్చు మీద. పైగా పెట్రోలు వేసుకుని వెళ్లాలి. చుట్టూ రావలసిన కాలనీలు ఇంకా ప్లాట్లుగానే ఉంటే, ఇళ్ల నిర్మాణం నెమ్మదించిన మరుక్షణం ఆ మాల్‌కు రావలసిన జనం కూడా వాయిదా పడతారు. బడాబజార్ దుకాణదారు తెలిసిన ఇంటికి అరువిచ్చి గడ్డుకాలం దాటిస్తాడు. మాల్ కౌంటరు దగ్గరి కుర్రాడికి ఆ అధికారం లేదు.

ఇలాంటి సమయంలో ఒకే యజమాని ఉన్న మాల్ ఏం చేస్తుంది? కింది అంతస్తులో సరుకుల సూపర్ మార్కెట్‌నో, పైన సినిమా హాలునో నిలబెట్టుకోవడానికి వారి అద్దె తగ్గిస్తుంది. జనం వాటి కోసమే వస్తారు, చిన్న షాపులకు బేరం దొరికేది ఆ వచ్చేపోయేవారి వల్లనే. గదులు విడివిడిగా అమ్మేసిన మాల్‌లో ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారు? వంద గదులకు వంద మంది యజమానులు. ఒకరు విశాఖలో, ఒకరు భువనేశ్వర్‌లో. ఒకరు అద్దె తగ్గించరు, ఇంకొకరు మెయింటెనెన్స్ కట్టరు, ఏసీ ఆగుతుంది, ఎస్కలేటర్ ఆగుతుంది. దేశంలోని 8 పెద్ద నగరాల్లోనే 2023లో 64 షాపింగ్ సెంటర్లు 40 శాతానికి మించి ఖాళీగా ఉన్నాయని నైట్ ఫ్రాంక్ సంస్థ లెక్క తేల్చింది. అంత జనాభా ఉన్నచోటే ఆ పరిస్థితి.

అప్పు సంగతి కూడా చెప్పాలి. ఊరి బయట మాల్స్‌కు పుట్టిల్లు అమెరికా. 2008 సంక్షోభం తర్వాత, 2009 ఏప్రిల్‌లో, 200కు పైగా మాల్స్ ఉన్న జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్ దివాలా పిటిషన్ వేసింది. దాని మాల్స్‌లో అప్పటికి పదింట తొమ్మిది వంతుల షాపులు నిండే ఉన్నాయి. దాదాపు 2,700 కోట్ల డాలర్ల అప్పు ఉంటే, గడువు తీరిన వాటిని తిరగరాసేందుకు బ్యాంకులు ముందుకు రాలేదు. కోర్టు రక్షణలో అప్పులు సర్దుకుని 2010 నవంబరులో ఆ కంపెనీ బయటపడింది. బంగారం కుదువపెడితే మీకు అలాంటి వెసులుబాటు ఉండదు. గడువులోగా తీర్చకపోతే నగలు వేలానికి పోతాయి.

మరి 30 లక్షలు ఏం చేయాలి? మీవారికి 60 నిండుతున్నాయన్నారు కదా, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజెన్ సేవింగ్స్ స్కీములో సరిగ్గా 30 లక్షల వరకు పెట్టవచ్చు. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, 2023 ఏప్రిల్‌లో అది 8.2 శాతానికి పెరిగింది. ఆ రేటున మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500. చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. వడ్డీ మీద పన్ను ఉంటుంది, అది అద్దె మీదా ఉంటుంది. అప్పు లేదు, నగలు మీ బీరువాలోనే ఉంటాయి. మాల్ లెక్కలో మిగిలిన 14 వేలతో దీన్ని పోల్చి చూసుకోండి.

మొత్తం ఒకేచోట పెట్టకుండా 5 లక్షలు బ్యాంకులో అత్యవసరానికి ఉంచుకోమంటాను. ఆ వయసులో ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు. మాల్స్ మీద మోజు తీరకపోతే ఇంకో లక్ష, అంతకు మించకుండా, నెక్సస్ సెలెక్ట్ ట్రస్ట్ లాంటి రీట్‌లో (మదుపరుల డబ్బుతో భవనాలు కొని, వాటి అద్దె పంచే ట్రస్టు) పెట్టవచ్చు. 2023 మేలో మార్కెట్లో నమోదైన ఈ ట్రస్టు చేతిలో భువనేశ్వర్‌లోని ఎస్ప్లనేడ్ మాల్ కూడా ఉంది. అక్కడ మీరు ఒక్క గదికి కాకుండా అన్ని మాల్స్ అద్దెకూ చిన్న వాటాదారు. పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం పంచాలన్నది నిబంధన. అయితే యూనిట్ ధర షేరులాగే పడుతుంది, లేస్తుంది. మాంద్యంలో పడే అవకాశమే ఎక్కువ. అది చూసి నిద్ర పట్టనివారు అటు వెళ్లకపోవడమే మంచిది.

మిగిలింది అడ్వాన్సు. ప్రాజెక్టుకు ఒడిశా రెరాలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో ముందు ఆ వెబ్‌సైటులో చూడండి. నంబరు లేని ప్రాజెక్టుకు ప్రచారం చేయడం, అడ్వాన్సు తీసుకోవడం రెండూ తప్పే. నంబరు ఉన్నా, రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి, అంటే మీ విషయంలో 3,60,000కు మించి, తీసుకోకూడదు. వచ్చే వాయిదా అడిగితే ఇవ్వకండి. లక్ష తిరిగివ్వమని తోటికోడలి తమ్ముడిని నోటితో అడిగితే పండుగలకు ఎదురుపడినప్పుడు ఇబ్బంది. రసీదు నకలు జతచేసి బిల్డరు కార్యాలయానికే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. బుకింగ్ ఫారంలో రద్దు షరతు ఉంటుంది, కొంత కోత పెట్టవచ్చు. లక్షలో కొంత పోయినా వెనక్కు తగ్గండి.