లెటర్ ఆఫ్ ఇంటెంట్ వచ్చిందంటే గని వచ్చినట్టేనా?

మీ ప్రశ్న ఇదీ: రెండేళ్లుగా మీరు పట్టుకున్న ఒక చిన్న మైనింగ్ కంపెనీకి ఇనుప ఖనిజం గని మీద లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే లీజు ఇస్తామన్న ముందస్తు లేఖ, వచ్చింది. షేరు వరుసగా రెండు రోజులు అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగనిచ్చే గరిష్ఠ హద్దు) కొట్టింది. ఇంకా కొనాలా, ఉన్నవి అమ్ముకోవాలా, అసలు అనుమతి వస్తే ఇన్వెస్టరుకు ఒరిగేదేమిటి?

నేను మార్కెట్ నిపుణుణ్ణి కాదు. తిరుపతిలో అకౌంట్లు రాసుకునేవాణ్ణి. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ వాళ్ల లెక్కలు కొన్ని నా టేబుల్ మీదికి వస్తుంటాయి. అది కాక, ఒకసారి సొంత డబ్బు క్వారీలో పెట్టి ఏడేళ్లు దాని మొహం చూస్తూ కూర్చున్నాను. ముందు ఆ సంగతి చెప్తాను, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

2011లో కుప్పం వైపు మా బావ, ఇంకో ముగ్గురు కలిసి గ్రీన్ గ్రానైట్ క్వారీకి దరఖాస్తు పెట్టారు. రెండు హెక్టార్ల పైచిలుకు పొరంబోకు గుట్ట. హైదరాబాద్ నుంచి మంజూరు ఉత్తర్వు రాగానే బావ ఫోన్ చేశాడు. "ఆర్డరు వచ్చేసిందిరా, ఇంక రాయి కోసుకోవడమే" అన్నాడు. నేను ఆరు లక్షలు ఇచ్చాను. అందరం కాణిపాకం వెళ్లి కొబ్బరికాయలు కొట్టి వచ్చాం. గుట్ట దాకా లారీ పోవాలంటే ఒకాయన శనక్కాయల చేను మీదుగా దారి కావాలి, ఆయనకు ఏడాది బాడుగ ముందే కట్టాం. కంప్రెసర్‌కు అడ్వాన్సు, పొక్లెయిన్‌కు అడ్వాన్సు.

చేతిలో ఉన్నది మంజూరు ఉత్తర్వు మాత్రమే. లీజు డీడ్, అంటే ప్రభుత్వంతో లీజు ఒప్పంద పత్రం, ఇంకా రాసుకోలేదు, గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ ఆఫీసులో ఫైలు నడుస్తోంది. ఆ సందులోనే 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. హర్యానా కేసు అది. ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీలకైనా పర్యావరణ అనుమతి ఉంటేనే లీజు ఇవ్వాలని అందులో చెప్పారు. ఎక్కడి హర్యానా, ఎక్కడి కుప్పం! కానీ మా ఫైలు అక్కడే కూలబడింది. మైనింగ్ ప్లాన్ కావాలన్నారు, పర్యావరణ అనుమతికి దరఖాస్తు అన్నారు, ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి అన్నారు. రాయి మీద మొదటి డ్రిల్లు పడేసరికి 2015 వచ్చింది. ఈ మధ్యలో దారి బాడుగ మాత్రం ఒక్క ఏడాదీ ఆగలేదు.

మొదటి బ్లాకు బయటికి తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. కొనడానికి వచ్చిన మనిషి ఏమీ మాట్లాడకుండా తన నీళ్ల బాటిల్ మూత తీసి రాయి మీద పోశాడు. తడి ఆరుతుంటే ఒక మూల నుంచి ఇంకో మూలకు వెంట్రుక మందాన తెల్ల గీత తేలింది. చాక్‌పీసుతో దాని పక్కనే గీటు పెట్టి, రేటు సగానికి తగ్గించాడు. ఎన్ని అనుమతులున్నా రాయి లోపల ఏముందో అవి చెప్పవని ఆ రోజు తెలిసింది.

అసలు దెబ్బ అది కాదు. 2016లో నా వాటా తీసుకుని బయటికి వచ్చేద్దామనుకున్నాను. లీజు మా నలుగురైదుగురిలో ఒకాయన పేరు మీదే ఉంది. మాదంతా వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం. ప్రభుత్వ అనుమతి లేకుండా లీజు హక్కు చేతులు మారదు. అంటే ఎవరికైనా అమ్ముదామన్నా నా దగ్గర అమ్మడానికి హక్కంటూ ఏమీ లేదు, ఆ పేపరు తప్ప. చివరికి బావ మొహం చూసి 2018లో అసలు ఆరు లక్షలు తిరిగి ఇచ్చారు. అప్పటి వడ్డీ రేటుకు బ్యాంకులో వేసి ఉంటే పది లక్షల పైమాటే.

ఇప్పుడు మీ కంపెనీ సంగతి.

2015లో గనుల చట్టాన్ని సవరించాక ఇనుము, సున్నపురాయి, బాక్సైట్ లాంటి పెద్ద ఖనిజాలకు లీజు వేలంలోనే ఇస్తున్నారు, 50 ఏళ్లకు. వేలంలో గెలిచినవాడు మొదటి వాయిదా కట్టాక ఇచ్చేదే మీరు చెప్పే లెటర్ ఆఫ్ ఇంటెంట్. పెళ్లిలో నిశ్చితార్థం లాంటిదనుకోండి. తాంబూలాలు మారాయి గానీ తాళి పడలేదు. దాని తర్వాత మైనింగ్ ప్లాన్ ఆమోదం, పర్యావరణ అనుమతి, అడవి ఉంటే అటవీ అనుమతి, ఉపరితల భూమి మీద హక్కు, కాలుష్య మండలి సమ్మతి, అప్పుడు లీజు డీడ్, రిజిస్ట్రేషన్. వీటిలో అసలు ఆలస్యం అటవీ అనుమతి దగ్గర. అది రెండు మెట్లు. మొదటి దశలో సూత్రప్రాయంగా ఒప్పుకుంటారు. ప్రత్యామ్నాయ అడవి పెంపకానికి, అడవి విలువకు డబ్బు కట్టి, షరతులన్నీ తీర్చాకే రెండో దశ. మొదటి దశ రాగానే "అటవీ అనుమతి వచ్చేసింది" అని ప్రకటించే కంపెనీలుంటాయి, ఆ ప్రకటనలో 'స్టేజ్' అనే మాట కోసం వెతకండి.

పేపర్ల వరుస కంటే నాకు పెద్ద విషయంగా కనిపించేది లెక్క. గని దొరికిందన్న సంతోషంలో ఏ రేటుకు దొరికిందో ఎవరూ అడగరు. వేలంలో పాడేది ప్రీమియం, అంటే ఖనిజం విలువలో ఇంత శాతం ప్రభుత్వానికి ఇస్తామని. మీ కంపెనీ 60 శాతం పాడిందనుకుందాం. వంద రూపాయల ఖనిజంలో 60 ప్రీమియం, ఇనుప ఖనిజం మీద రాయల్టీ 15, ఆ రాయల్టీలో పదో వంతు జిల్లా ఖనిజ నిధికి రూపాయిన్నర. ఈ మూడూ పోగా చేతిలో మిగిలింది 23 రూపాయల 50 పైసలు. తవ్వడం, పిండి చేయడం, డీజిలు, జీతాలు, అప్పు మీద వడ్డీ అన్నీ అందులోంచే. 2020లో ఒడిశా వేలంలో కొన్ని గనులు వంద శాతం దాటి పాడారు. సొంత ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నవాడికి ముడిసరుకు భరోసా కోసమైనా అదొక లెక్క. తవ్విన రాయిని బయట అమ్ముకుని బతికే చిన్న కంపెనీ ఆ పని చేస్తే వాటాదారుకు మిగిలేది దుమ్మే. కాబట్టి మీ కంపెనీ ఎంత శాతానికి పాడిందో ముందు చూడండి. నాకు అప్పర్ సర్క్యూట్ కన్నా ఆ ఒక్క అంకె ముఖ్యం.

షేరు ధర మొదటి పేపరుకే ఎగురుతుంది, డబ్బు మాత్రం చివరి పేపరు తర్వాత వస్తుంది. ఈ మధ్య కాలంలో కంపెనీకి ఖర్చులుంటాయి, రాబడి ఉండదు. అప్పుడు ఏం చేస్తారంటే, ధర పైన ఉన్నప్పుడే కొత్త షేర్లో వారెంట్లో (తర్వాత షేర్లుగా మార్చుకునే హక్కు పత్రాలు) జారీ చేసి డబ్బు తెస్తారు. తప్పేం కాదు, కానీ మీ వాటా పలచబడుతుంది. గని అంతే ఉంటుంది, పంచుకునేవాళ్లు పెరుగుతారు. 2017లో నేనూ ఇలాంటి ఒక షేరు పట్టుకుని మూడేళ్లు కూర్చున్నాను, మూడో ఏడాదికి షేర్ల సంఖ్య ఎంత పెరిగిందో చూసి నవ్వొచ్చింది. ఏడవలేక.

గని నడుస్తున్న కంపెనీ అయితే నిశ్చింత అనుకోకండి. కర్ణాటకలో కేంద్ర ప్రభుత్వ మైనింగ్ కంపెనీ ఎన్‌ఎండీసీకి దోణిమలై అని ఇనుప గని ఉంది, ఏడాదికి 70 లక్షల టన్నుల సామర్థ్యం. 2018 నవంబరులో లీజు గడువు ముగిసింది. పొడిగించాలంటే 80 శాతం ప్రీమియం కట్టమంది రాష్ట్ర ప్రభుత్వం. తవ్వకం ఆగిపోయింది. చివరికి 22.5 శాతం అదనపు ప్రీమియంతో 2021 ఫిబ్రవరిలో మళ్లీ మొదలైంది. ప్రభుత్వ రంగ కంపెనీకే రెండేళ్లు పైగా గని మూతపడింది! గోవాలో ఇంకా ఘోరం. 2018 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు 88 లీజుల రెండో రెన్యువల్‌ను కొట్టేసింది, మార్చి 16కల్లా తవ్వకాలన్నీ ఆగిపోయాయి. వార్షిక నివేదికలో లీజు గడువు ఏ సంవత్సరమో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను ముందు ఆ పేజీయే తీస్తాను.

గని చేతికి రాకముందే ఫ్యాక్టరీ కట్టేయడం ఇంకో రకం ప్రమాదం. ఒడిశాలో వేదాంత లాంజిగఢ్ దగ్గర అల్యూమినా రిఫైనరీ పెట్టింది, దానికి ముడిసరుకైన బాక్సైట్ పక్కనే నియమగిరి కొండ మీద ఉందన్న నమ్మకంతో. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. పన్నెండు గ్రామసభలకు పన్నెండూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందులకు ఆ కొండ దేవుడు మరి. 2014 జనవరిలో కేంద్రం ఆ గనిని తిరస్కరించింది, రిఫైనరీ బయటి నుంచి బాక్సైట్ తెచ్చుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర దేవుడి బదులు ఏనుగులు. పలమనేరు, కుప్పం మధ్య ఏనుగులుండే కౌండిన్య అభయారణ్యం ఉంది కదా. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అభయారణ్యం లోపలా సరిహద్దు నుంచి కిలోమీటరు దాకా మైనింగ్ కుదరదని తేల్చింది. నాకు తెలిసిన ఒకాయన గుట్ట ఆ కిలోమీటరు లోపలే పడింది. మంచి రాయి, పక్కనే రోడ్డు, లెక్కలు కూడా నేనే వేసి ఇచ్చాను. మ్యాపులో గీత గీసి చూసుకున్నాక ఫైలు మూసేశారు.

ఇంకో మాట, కంపెనీ పరిమాణం గురించి. గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు కోలార్ గనులతో పాటే 2001లో మూతపడ్డాయి. 2018లో ఆ బ్లాకు వేలంలో ఎన్‌ఎండీసీకే వెళ్లింది. కుప్పం టీ కొట్ల దగ్గర నెల రోజులు అదే మాట, పక్క ఊళ్లలో సెంటు ధరలు కూడా పెంచి చెప్పారు. కానీ ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా ఇనుముతో బతికే అంత పెద్ద కంపెనీకి ఈ బంగారం ఎంత? వచ్చినా ఆలస్యమైనా వాటాదారుకు పెద్ద తేడా లేదు. మీది చిన్న కంపెనీ, దానికి ఈ ఒక్క గనే సర్వస్వం. అందుకే ఒక్కో పేపరుకు అంత ఎగురుతోంది, ఒక్క పేపరు ఆగితే అంతే పడుతుంది.

చూసుకోవడానికి దారులున్నాయి. పర్యావరణ, అటవీ దరఖాస్తులన్నీ కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. దరఖాస్తులు పరిశీలించే నిపుణుల కమిటీ మినిట్స్ (సమావేశాల్లో ఏం తేల్చారన్న రాత) కూడా పెడతారు. ఫలానా వివరం ఇవ్వలేదు, వాయిదా వేస్తున్నాం అని అందులో తేటతెల్లంగా రాసి ఉంటుంది. లిస్టెడ్ కంపెనీ కాబట్టి ముఖ్యమైన అనుమతి వచ్చినా రద్దయినా స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు చెప్పాలి. కానీ ఆలస్యమవుతోందని ఎవరూ ప్రెస్ నోట్ ఇవ్వరు, అది మీరే వెతుక్కోవాలి. గడువులూ చూడండి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ వచ్చాక మూడేళ్లలో లీజు డీడ్ దాకా రావాలి, పొడిగింపు మహా అయితే ఇంకో రెండేళ్లు. డీడ్ అయ్యాక రెండేళ్లు తవ్వకం మొదలుపెట్టకపోతే లీజే పోయే ప్రమాదముంది. పాత గనులున్న కంపెనీ అయితే 2024 జులై 25 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా గుర్తుంచుకోండి. ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేయొచ్చన్నారు, ఆ ఆగస్టులో ఇచ్చిన ఇంకో ఆదేశంలో 2005 ఏప్రిల్ నుంచి బకాయిలు కూడా అడగొచ్చన్నారు.

ఇక కొనాలా అమ్మాలా అంటే, మీ స్థానంలో నేనైతే ఈ రెండు రోజుల ఎగురుడులో పెట్టిన అసలు వరకు అమ్మి వెనక్కి తీసుకుంటాను. మిగతావి ఉంచి, మొదటి దశ అటవీ అనుమతి వచ్చే దాకా కొత్తగా ఒక్క షేరు కూడా కొనను. ఇది నా పిరికితనం కావచ్చు. శనక్కాయల చేను బాడుగ నాలుగేళ్లు కట్టినవాడి మాట మరి.

మీరు కంపెనీ పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. పరివేష్‌లో ఆ బ్లాకు పేరు కొట్టి మొత్తం విస్తీర్ణంలో అటవీ భూమి ఎన్ని హెక్టార్లో, వేలంలో పాడిన శాతం ఎంతో, ఈ రెండు అంకెలు ఇక్కడ కింద రాయండి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని లెక్క వేసి చెప్తాను.